అక్కాతమ్ముళ్ళకు బాసికాలు కట్టిన బడి

మా బడిలో స్టేజీ మీద అక్కాతమ్ముళ్ళకు పెళ్ళి చేశారు. చేసినవాళ్ళు పంతుళ్ళు. ముందు వరస కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళు అధికారులు. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నోరు తెరుస్తారు. ఆ తర్వాత అసలు విషయం విని, "ఓ, అదా! నాటకమే కదా, దానికింత రాద్ధాంతమా?" అంటారు. ఆ రెండో మాట వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయింది. అందుకే మొదటినుంచీ చెబుతాను. చదివాక కూడా నాటకమే కదా అనిపిస్తే ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు.

మాది మెట్‌పల్లి. బాపు మగ్గం నేసేవాడు, అవ్వ బీడీలు చుట్టేది. నేను తెలుగు పండిట్ ట్రైనింగ్ చేసి ఉద్యోగం తెచ్చుకుంటే జైనూర్ మండలంలో గుట్టల మధ్య ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలకు వేశారు. ఆడపిల్లలకు ఒక వైపు, మగపిల్లలకు ఒక వైపు హాస్టలు, మధ్యలో తరగతి గదులు. పిల్లలందరూ చుట్టుపక్కల గూడేలవాళ్ళే. ఎక్కువమంది గోండులు, కొద్దిమంది కొలాములు. గోండు పిల్లలకు ఇంట్లో గోండి, అంగట్లో మరాఠీ కలిసిన తెలుగు, బడికి వచ్చాక మా పుస్తకాల తెలుగు. లెక్కలూ సైన్సూ నీతికథలూ అన్నీ ఆ మూడో మాటలోనే నేర్చుకోవాలి. కాస్త ఆలస్యమైతే చాలు, "వీళ్ళ బుర్రలకు ఎక్కది మేడం," అని స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ తేల్చేసేవాళ్ళు. అలా తేల్చేసేవాళ్ళలో కొందరు ఏళ్ళ తరబడి అక్కడే పనిచేస్తున్నారు. వాళ్ళలో ఒక్కరికీ గోండిలో మంచినీళ్ళు అడగడం కూడా రాదు. మరి ఎవరి బుర్రకు ఎక్కలేదు?

ఆ వెక్కిరింత నాకు కొత్త కాదు. చిన్నప్పుడు పరీక్షలో "మా బాపు సంతకు పోయిండు" అని రాస్తే మా సారు ఎర్ర సిరాతో కొట్టేసి, అందరి ముందూ చదివి క్లాసును నవ్వించాడు. ఇంటికి వెళ్ళి, బాపు మాట్లాడేదంతా తప్పేనా అని అవ్వను అడిగాను. అవ్వ చేతిలో ఆకు వదలకుండానే, "మీ సారు తొడుక్కున్న అంగి గూడ మీ బాపసొంటోళ్ళు నేసిందే. గది తప్పు గాదట్నా?" అన్నది. అలా అనే అవ్వ ఉండబట్టి నేను బతికిపోయాను. అయినా నాది ఒకటి రెండు అక్షరాల తేడా. ఈ పిల్లలకు గడప దాటితే నోట్లో ఉన్న మాట మొత్తం పనికిరాదు.

మా వరండాలో గోడకు మూడు చార్టులు ఉండేవి. కరీంనగర్‌లో పుస్తకాల షాపులో కొన్నవి. ఒకటి "పెంపుడు జంతువులు", ఒకటి "వివిధ వృత్తులవారు", మూడోది "మన గిరిజనులు". మూడూ ఒకే సైజు. మూడో దాంట్లో నెమలి ఈకల టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మ ఉండేది. గోండు పిల్లలు రోజూ దాని కిందే చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాళ్ళు. వాళ్ళ బడిలో వాళ్ళనే బొమ్మగా గోడకు తగిలించి వాళ్ళకే చూపించడమేమిటని ఒక్క పంతులుకూ అనుమానం రాలేదు. గిరిజన సంస్కృతిని చదువులోకి తేవడమంటే మాకు తెలిసింది అంతవరకే.

ఎనిమిదో తరగతిలో ఒక గోండు అమ్మాయి ఉండేది. పేరు రాయను. ఆమె పేరు ఇప్పటికే కావలసినంతమంది నోళ్ళలో పడింది. సన్నగా ఉండేది, మహా మొండి. పాఠం అర్థం కాకపోతే అర్థం కాలేదని లేచి చెప్పే ధైర్యం ఆ తరగతి మొత్తంలో ఆమెకే ఉండేది. నర్సు కావాలని ఆమె కోరిక. వాళ్ళ మేనత్తకు కడుపునొప్పి వస్తే దవాఖానకు తీసుకెళ్ళారట. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని సిస్టరమ్మ తెలుగులో అడిగింది, మేనత్త గోండిలో చెప్పింది. ఒకరి మాట ఒకరికి తెలియక చివరికి ఏదో గోలీ ఇచ్చి పంపేశారు. "నేను సిస్టర్ అయితె గోండిల్నే అడుగుత మేడం. గప్పుడు మా మేనత్త మొత్తం చెప్తది," అనేది. వాళ్ళ గూడెంలో పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. ఈమె దాటుతుందని నేను గట్టిగా నమ్మాను. దాటించాలని కూడా అనుకున్నాను.

ఆ యేడు వానలు తగ్గాక పై నుంచి ఒక మాట వచ్చింది. గిరిజన సంస్కృతిని బోధనలో భాగం చేయాలి, ఒక పెద్ద అధికారి స్వయంగా వచ్చి చూస్తారు అని. మా హెడ్మాస్టరుకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆయన చెడ్డమనిషి కాదు, ముందే చెబుతున్నాను. జగిత్యాల వైపు మనిషి. పిల్లలకు జ్వరమొస్తే తన బండి మీద తనే దవాఖానకు తీసుకెళ్ళేవాడు. కానీ ఆయనకు అన్నీ తెలుసు. అన్నీ తెలిసినవాళ్ళు ఎవరినీ ఏమీ అడగరు, వాళ్ళతో వచ్చిన చిక్కే అది.

"పాఠాలు ఎవరు చూస్తరు మేడం? డాన్సులు అందరు పెడుతరు. మనం గోండు పెండ్లి పెడదాం. పసుపు, డోలు, ఊరేగింపు... మస్తు కలర్‌ఫుల్‌గ ఉంటది," అన్నాడు మీటింగులో.

ఆయన ఒక్క గోండు పెళ్ళికీ పోలేదు. ఫోనులో ఒక వీడియో చూశాడు. అందులో తెలియని చోటల్లా తనకు తెలిసిన పెళ్ళిని తెచ్చి అతికాడు. మెట్‌పల్లి నుంచి బాసికాలు తెప్పించాడు. జీలకర్ర బెల్లం పెట్టించాడు. తలంబ్రాలకు బియ్యంలో పసుపు కలపమని వంటవాళ్ళకు చెప్పాడు. పెళ్ళి మొత్తం మాది, డోలు ఒక్కటే వాళ్ళది. గేటు దాటి పది అడుగులు వేస్తే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు. ఆ పది అడుగులే పడలేదు.

పెళ్ళికూతురుగా ఆ అమ్మాయిని ఎంచుకున్నాడు, గొంతు బాగుంటుందని, బెదరదని. పెళ్ళికొడుకు అదే తరగతిలో పక్క గూడెం పిల్లవాడు. తండ్రి లేని పిల్లవాడు, నెమ్మదైనవాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. హెడ్మాస్టరు జాగ్రత్త కూడా పడ్డాడు. ఇద్దరి ఇంటిపేర్లు అడిగి, వేర్వేరని తేల్చుకున్నాకే ఖాయం చేశాడు. "ఒక్క ఇంటిపేరోళ్ళకు పెండ్లి పెడితె మంచిగుండది గద," అని మాతో గొప్పగా అన్నాడు. మన సంబంధాలకు మనం చూసుకునేది అదే కాబట్టి అక్కడా అదే చూశాడు. మాకెవరికీ అంతకంటే తెలియదు కాబట్టి మేమూ తలలూపాం.

పాటలూ డైలాగులూ వచ్చాక, పీటల మీద చేయించిన మొదటి రిహార్సల్లోనే ఆ అమ్మాయి పీట దగ్గర నిలబడిపోయింది.

"కూసో బిడ్డా," అన్నాడు హెడ్మాస్టరు.

"కూసోను సార్. వాడు నాకు తమ్ముడైతడు."

"ఎట్ల? మీ బాపు వేరె, వాని బాపు వేరె. ఊరు వేరె, ఇంటిపేరు వేరె. తమ్ముడెట్లయితడు?"

"మాకు దేవుళ్ళు ఒక్కటే సార్."

"దేవుడు అందరికి ఒక్కడేనే!" అన్నాడాయన, అందరికీ వినిపించేలా. సార్లు నవ్వారు. పిల్లవాడు తల ఎత్తలేదు. ఆ అమ్మాయి కూర్చోలేదు. సాయంత్రం దాకా అలాగే నిలబెట్టారు.

రాత్రి భోజనానికి ముందు నల్లాల దగ్గర పళ్ళెం కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్ళి అడిగాను. తడి చేతులు పావడాకు తుడుచుకుని చెప్పింది. గోండుల్లో నాలుగు దేవుళ్ళ వాళ్ళు, ఐదు దేవుళ్ళ వాళ్ళు, ఆరు దేవుళ్ళ వాళ్ళు, ఏడు దేవుళ్ళ వాళ్ళు ఉంటారట. ఒక్కో గుంపులో ఎన్నో ఇంటిపేర్లు. దేవుళ్ళ లెక్క ఒకటైతే ఊరేదైనా, ఇంటిపేరేదైనా, అంతకుముందు ముఖం చూసి ఉండకపోయినా సరే, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. పిల్లనిచ్చి పుచ్చుకోవడం వేరే లెక్కవాళ్ళతోనే.

"మాకు ఏడు మేడం. వానికి గూడ ఏడే. వాడు నన్ను అక్క అనే పిలుస్తడు. ఎట్ల కూసోవాలె?"

"ఉత్తుత్తిది కదా, ఆటకు కూడా కూర్చోరా?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఆటకైతె మాత్రం ఎవలన్న తమ్మునితోని పెండ్లి పీటల మీద కూసుంటరా మేడం?" అన్నది.

అదే ఊపున హెడ్మాస్టరు గది తలుపు తట్టాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, "అంటె గోత్రమసొంటిది. గోత్రాలు మనకు గూడ ఉన్నయి. నాటకంల గోత్రం ఎవరు చూస్తరు మేడం?" అన్నాడు.

"మరి ఇంటిపేర్లు ఎందుకు చూసిన్రు సార్?"

పోనీ పిల్లవాడిని మార్చమన్నాను. ఆరు దేవుళ్ళ పిల్లలు ఆ బడిలో లెక్కలేనంతమంది ఉన్నారు, ఎవరినడిగినా చెబుతారు, క్షణంలో పని. "ఇప్పుడు మార్చుడంటె పరేషాన్ మేడం. పాటలు, డైలాగులు గీ ఇద్దరికే వచ్చినయి. పెద్దసారు ఎల్లుండి వస్తుండు. అయినా పిల్లలు చెప్పినట్టు మనం ఇంటె ఇగ బడి నడిచినట్టే. మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అని తలుపు దగ్గరికి వేశాడు. ఒక్క పిల్లవాడిని మారిస్తే తీరిపోయేదాన్ని పట్టుదలకు తెచ్చుకున్నాడు. ఇప్పటికీ ఆ తలుపు తలుచుకుంటే నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

మర్నాడు ఆయన వాళ్ళిద్దరినీ గదిలోకి పిలిచి, కూర్చోకపోతే ఇద్దరికీ టీసీ ఇచ్చి ఇంటికి పంపిస్తానన్నాడట. నాకు ఆ తర్వాత తెలిసింది. తన ఒక్కదాని టీసీ అయితే ఆ మొండిపిల్ల తీసుకుని నడిచేదే. పిల్లవాడికి హాస్టలు అన్నం పోతే ఇంటి దగ్గర దిక్కులేదు. అందుకని కూర్చోవడానికి ఒప్పుకుంది.

పెద్దసారు వచ్చిన రోజు తల్లిదండ్రులను కూడా పిలిచారు. అధికారులకు కుర్చీలు, గూడేలవాళ్ళకు నేల మీద టార్పాలిన్. నన్ను అతిథుల చాయ్ బిస్కెట్లు చూడమని వంటగదికి పంపారు. కావాలనే పంపారని నా నమ్మకం. డోలు మోగడం విని ట్రే చేతిలో పట్టుకునే పరుగెత్తాను. అప్పటికే ఇద్దరూ పీటల మీద ఉన్నారు. నుదుట బాసికాలు, బుగ్గలకు పసుపు. పిల్లవాడు ఏడుస్తున్నాడు. "పెండ్లికొడుకు సిగ్గుపడుతుండు చూడుండ్రి!" అని మైకులో మా సైన్సు సారు. ఆ అమ్మాయి ఏడవలేదు. ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చుంది. అందరూ వెయ్యండని మైకులో చెప్పగానే సార్లు, మేడంలు నవ్వుకుంటూ వాళ్ళ తలల మీద బియ్యం పోశారు.

మొదట ఆ అమ్మాయి తల్లి లేచింది. ఆమె పక్కన ఒక ముసలామె కొంగు ముఖం మీదికి లాక్కుంది. తర్వాత ఒకరి వెనక ఒకరు టార్పాలిన్ మీద ఉన్నవాళ్ళంతా లేచారు. ఎవరూ అరవలేదు, ఒక్క మాట అనలేదు. చెప్పులు వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయారు.

"ఏమైంది, బస్సు టైమైందా?" అని పెద్ద అధికారి అడిగాడు.

"అవు సార్, జర దూరం పోవాలె వాళ్ళు," అన్నాడు మా హెడ్మాస్టరు.

ఆ తర్వాత అధికారి మాట్లాడాడు. తలలో పసుపు బియ్యంతో నిలబడ్డ ఆ పిల్లలిద్దరి భుజాల మీద చేతులు వేసి, మీ సంస్కృతి చాలా గొప్పది, దాన్ని మీరే కాపాడుకోవాలి అన్నాడు. చెరొక పెన్ను ఇచ్చాడు. చప్పట్లు. నేను ట్రే అక్కడే నేల మీద పెట్టి స్టేజీ ఎక్కి, ఆ అమ్మాయి నుదుటి మీది బాసికం విప్పి పారేశాను. పిల్లవాడిది కూడా విప్పాను. నాటకం ఇంకా ఉందనుకుని జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

తెల్లవారి ఆమె తండ్రి బండి మీద వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి పిల్లను పిలిచాడు, ఆమె రేకుపెట్టె తెచ్చుకుంది, ఇద్దరూ వెళ్ళిపోయారు. "పత్తి ఏరుడు మొదలైంది గద, తీస్కపోయిన్రు. వీళ్ళింతే, చదువు మీద సోయి ఉండది," అన్నాడు హెడ్మాస్టరు స్టాఫ్ రూములో. అంత తేలిగ్గా అన్నాడు. పక్కవాళ్ళు అవునన్నారు. పిల్లవాడిని వాళ్ళ మేనమామ కిన్వట్ వైపు తీసుకుపోయాడు. ఇప్పుడు ఏ బడిలో ఉన్నాడో, అసలు బడిలోనే ఉన్నాడో లేదో నాకు తెలియదు.

ఆదివారం వాళ్ళ గూడేనికి వెళ్ళాను. ఆటో పోయినంత దూరం ఆటోలో, తర్వాత పత్తి చేల మధ్య నడక. తిడతారేమో అనుకున్నాను. మంచం వాల్చారు, చెంబుతో నీళ్ళిచ్చారు, నల్ల చాయ్ పోశారు. ఊరి పెద్దలు తమ పద్ధతిలో చేయవలసింది ఏదో చేశారని తెలిసింది. అదేమిటని నేను అడగలేదు. అడిగి ఇంకో చార్టు చేయించే ఉద్దేశం నాకు లేదు. అమ్మాయి గుమ్మంలో నిలబడి వింటోంది.

"మేడం, మేము చదువు వద్దంటలేం," అన్నాడు తండ్రి. "ఈమె సిస్టర్ గావాలె. మాకు గూడ గదే కోరిక. కని మా బిడ్డ మీద, దాని తమ్ముని మీద బియ్యం పోసిన్రు. మీకు గది ఆట, మాకు గాదు. సారు ఒక్కసారి గీడికొచ్చి మా పెద్దల ముంగట, ఎరుక లేక చేసినం, తప్పైంది అనాలె. గంతే. ఇంకేం వద్దు. సార్‌కు చాయ్ పోసి, పిల్లను గూడ ఆయన బండి మీదనే తోలిస్త."

గంతే. కేసు పెడతాననలేదు, పేపరుకు ఎక్కుతాననలేదు. ఒక్క మాట, ఒక చాయ్. ఎగురుకుంటూ వచ్చి హెడ్మాస్టరుకు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పెద్దసారు వచ్చి మెచ్చుకున్న ప్రోగ్రాం మేడం గది. తప్పని నేనెట్ల అంట? రేపు పైకి తెలిస్తె?" అన్నాడు. అంటే ఆ పిల్ల చదువు ఒక వైపు, అధికారి మెప్పు ఒక వైపు. ఎటు మొగ్గాడో చెప్పనక్కరలేదు.

ఆ వారంలోనే ఏడో తరగతిలో నేను చుట్టరికాల పాఠం చెప్పాలి. పుస్తకం మూసేశాను. నాలుగు దేవుళ్ళ వాళ్ళు ఒక మూలకు, ఐదు వాళ్ళు ఒక మూలకు, ఆరు, ఏడు మిగతా మూలలకు పొమ్మన్నాను. కొలాం పిల్లలు తమ లెక్క వేరని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఇక చూడాలి ఆ సందడి! నువ్వు నాకు బావవైతవు, నువ్వు నాకు వదినవైతవు, నువ్వైతే ఉత్త తమ్మునివే పో అని ఒకటే అరుపులు. మూడేళ్ళుగా పెదవి విప్పని పిల్లలు వాదించుకుంటున్నారు, అదీ తెలుగులో. అత్త, మామ, మరదలు, వియ్యంకుడు, పుస్తకంలో లేనివి కూడా వచ్చాయి. "మేడం ఏ మూలకు నిలబడాలె?" అని ఒక గడుగ్గాయి అడిగితే కాసేపు చర్చించుకుని, నాకు దేవుళ్ళ లెక్క లేదు కాబట్టి గది మధ్యలో నిలబడమన్నారు. నేను నిలబడ్డాను. ఆ ఉద్యోగంలో నేను చెప్పిన మంచి పాఠం అదొక్కటే అనుకుంటాను.

హెడ్మాస్టరు కిటికీలోంచి చూశాడు. మధ్యాహ్నమే మీటింగు.

"బడిల కులాలు నేర్పుతున్నరు మేడం మీరు. పిల్లలను మూలకింత మందిని నిలబెట్టుడేంది? గొడవలు కావాల్నా?" అన్నాడు అందరి ముందూ.

అప్పటిదాకా పట్టి ఉంచుకున్నదంతా తెగింది. "సార్, ఒక్కటి అడుగుత," అన్నాను. "వచ్చే ప్రోగ్రాంల మన పెండ్లి పెడదాం. మీ బిడ్డ ఇంటర్ చదువుతుంది కదా. మీ అన్న కొడుకు ఉన్నడు. ఇద్దరిని స్టేజీ మీద కూసోబెట్టి బాసికాలు కడదాం. నేను బియ్యం కలుపుత."

ఆయన టేబుల్ మీద చేత్తో చరిచాడు. గ్లాసు దొర్లి కిందపడింది. "నోరు జాగ్రత్త! నా బిడ్డ మాట ఎత్తుతవా నువ్వు?"

అప్పటిదాకా నన్ను ఎప్పుడూ మీరు అనేవాడు.

"నాటకమే కద సార్," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ నా వైపు చూడలేదు. నా కోపం ఆ నిమిషంలోనే ఇంకో రకంగా మారిపోయింది. అర్థం కాక ఆయన గూడేనికి పోలేదని అన్నాళ్ళూ అనుకున్నాను, అర్థమయ్యేలా చెబితే పోతాడని ఆశపడ్డాను. ఆయనకు పూర్తిగా అర్థమైంది. తన బిడ్డ విషయంలో రెప్పపాటులో అర్థమైంది. గోండు మనిషి బిడ్డకూ అంతే పరువుంటుందని ఒప్పుకోవడమే ఆయనవల్ల కాలేదు. ఆయన గూడేనికి పోలేదు. నాకు మాత్రం మెమో ఇచ్చాడు.

రెండు మూడుసార్లు తిరిగి, తండ్రిని ఒప్పించి, ఆ అమ్మాయిని మా వైపు ఒక బాలికల హాస్టలు బడిలో చేర్పించాను. నా స్నేహితురాలు అక్కడ లెక్కలు చెబుతుంది. బస్సులో ఆ అమ్మాయి దారి పొడుగునా కిటికీ పక్కనే కూర్చుంది. మైదానం రోడ్డు వచ్చాక ఒక్కటే అడిగింది.

"గాడ గోండు పిల్లలున్నరా మేడం?"

"లేరు బిడ్డా."

"మంచిదే," అన్నది.

తనవాళ్ళు ఎవరూ లేకపోవడం మంచిదని ఒక పిల్ల అనుకునేలా చేశాం. ఇంత చేసి మళ్ళీ మన గిరిజనులు అని గోడలకు చార్టులు.

అక్కడ బాగానే చదువుతోందని స్నేహితురాలు చెబుతూ వచ్చింది. తొమ్మిదిలోకి వచ్చింది. మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్. హాస్టలు ఆయమ్మ ఫోను తీసుకుని చేసిందట.

"మేడం, గీడ గూడ ప్రోగ్రాం పెడుతున్రు," అన్నది.

"ఏం ప్రోగ్రాం?"

"సోషల్ మేడం క్లాసుల నన్ను లేపి, మీ నెమలి ఈకల డాన్స్ ఆడి చూపియ్యుమన్నది. గది మొగోళ్ళు ఆడుతరు, దీపావళికే ఆడుతరు, అప్పుడు దేవుడు వస్తడు, గిప్పుడు ఆడరాదు అని చెప్పిన. ఉత్తగ ఆడు, ఏమైతది అన్నది. ఉత్తగ ఆడుడు మాకు లేదు మేడం అన్న. గెట్ అవుట్ అన్నది."

"ఇప్పుడు ఎక్కడున్నవు?"

"వరండల."

"ఏడుస్తున్నవా?"

"లే."

ఇంకో బడి, ఇంకో మేడం, మళ్ళీ అదే మాట. ఉత్తగ. "బట్టలు సర్దుకో బిడ్డా," అన్నాను. "నేను ఇప్పుడే బస్సెక్కుతున్న. ఆ బడి మనకొద్దు. ఇంకోటి చూద్దాం."

కోపంలో నేను కూడా ఆమెకేం కావాలో అడగలేదని అనేశాక తట్టింది.

"వద్దు మేడం," అన్నది. "గప్పుడు తప్పు చేసింది సారు, పెట్టె పట్టుకొని పోయింది నేను. ఇప్పుడు పోను. సోషల్ మేడం లోపలికి పిలిచేదాక గీడనే నిలబడ్త. మీరు రాండ్రి. కని నన్ను తీస్కపోతందుకు రాకుండ్రి."